బ్రౌజర్ మారితే ఆట్రిబ్యూట్ విలువ మారుతోందా? జావాస్క్రిప్ట్‌లో సరిగ్గా చదవడం ఇలా

"క్రోమ్‌లో వస్తోంది, ఫైర్‌ఫాక్స్‌లో ఇంకోటి వస్తోంది." "ఇంట్లో బాగానే ఉంది, ఆఫీసు సిస్టమ్‌లో నల్ (ఏమీ లేదు) అంటోంది." విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే విద్యార్థులు, షాపులకు, కమీషన్ ఏజెంట్లకు చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. అడిగినప్పుడల్లా విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నాం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాం. బ్రౌజర్ తేడా అని మీరు అనుకునేవాటిలో ఎక్కువ భాగం బ్రౌజర్ తేడాలు కావు. ట్యాగ్‌లో మీరు రాసింది ఆట్రిబ్యూట్. దాన్ని చదివాక బ్రౌజర్ తన దగ్గర పెట్టుకున్నది ప్రాపర్టీ. ఒకటి అడగాల్సిన చోట రెండోది అడిగితే జవాబు తప్పుతుంది. నిజమైన బ్రౌజర్ తేడాలు కొన్నే ఉన్నాయి, అవి ఎక్కడ ఉన్నాయో కింద చూపిస్తాం.

కోడ్ పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు ఎడిటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ఆట్రిబ్యూట్‌ను చదివి ఇచ్చే గెట్‌ఆట్రిబ్యూట్‌లో మొదటి అక్షరం చిన్నది, 'ఆట్రిబ్యూట్' మొదలయ్యే అక్షరం పెద్దది. జావాస్క్రిప్ట్‌లో పెద్ద, చిన్న అక్షరాలు తేడా పడితే పని జరగదు.

కావలసినవి

- క్రోమ్, ఫైర్‌ఫాక్స్. ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా లోపల నడిచేది క్రోమ్‌కు ఆధారమైన క్రోమియమే కాబట్టి వాటిని విడిగా పరీక్షించినా కొత్తగా తెలిసేది తక్కువ.
- సఫారీ. మ్యాక్ లేకపోతే ఎవరిదైనా ఐఫోన్ చాలు. మన దగ్గర ఐఫోన్‌లో క్రోమ్ పెట్టుకున్నా లోపల నడిచేది సఫారీ ఇంజనైన వెబ్‌కిట్టే. అది కూడా దొరకకపోతే ప్లేరైట్ అనే ఉచిత టెస్టింగ్ సాధనం విండోస్‌లోనూ వెబ్‌కిట్‌ను నడుపుతుంది.
- లోకల్ సర్వర్. వీఎస్ కోడ్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ గానీ, పైథాన్‌తో వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్ గానీ సరిపోతుంది. పైథాన్‌ది మామూలుగా 8000 పోర్టులో నడుస్తుంది. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి తెరవకండి, లింకుల విలువలు అసలు సైట్‌లో వచ్చినట్టు రావు.

1. పరీక్ష పేజీ రాసుకోండి

అసలు ప్రాజెక్టులో వెతకడం మొదలుపెడితే రోజంతా పోతుంది. ఖాళీ పేజీ ఒకటి తీసుకోండి. పైన డాక్‌టైప్, హెడ్‌లో యూటీఎఫ్-8 క్యారెక్టర్‌సెట్ తప్పనిసరి. రెండోది మరిస్తే తెలుగు అక్షరాలు చెడిపోయి పోలికలన్నీ తప్పుతాయి. లోపల మిర్చి యార్డు రేట్ల పేజీ అనుకుని ఇవి పెట్టండి:

- "గుంటూరు" అని తెలుగులోనే హెచ్‌రెఫ్ (లింకు ఎక్కడికి పోవాలో చెప్పే ఆట్రిబ్యూట్) ఇచ్చిన లింకు ఒకటి.
- చెక్డ్ అని రాసిన చెక్‌బాక్సు. పక్కన విలువ ఏమీ ఇవ్వకండి.
- వేల్యూ "గుంటూరు" అని ఉన్న టెక్స్ట్ బాక్సు.
- డిసేబుల్డ్ అని రాసిన బటన్.
- టైప్ మంత్ అని ఇచ్చిన ఇన్‌పుట్.
- డేటా-లాట్-నో "0042", డేటా-రేట్ "15,000" అని ఉన్న ఒక డివ్.
- క్లాసు, వ్యూబాక్స్ ఉన్న ఒక ఎస్‌వీజీ బొమ్మ (ట్యాగులతోనే గీసే బొమ్మ).

ఇన్‌కాగ్నిటో విండోలో, ఎక్స్‌టెన్షన్లు ఆపి తెరవండి. తెలుగు పేజీకి ఇది మరీ ముఖ్యం. "ట్రాన్స్‌లేట్ చేయాలా" అని క్రోమ్ అడిగినప్పుడు పొరపాటున సరే నొక్కితే, పేజీ ల్యాంగ్ ఆట్రిబ్యూట్ మారిపోతుంది, హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌కు మీరు రాయని క్లాసు వచ్చి చేరుతుంది. అది మీ కోడ్ తప్పనుకుని వెతుకుతూ కూర్చుంటారు.

2. కన్సోల్‌లో ఎలిమెంట్‌ను పట్టుకోండి

విండోస్‌లో ఎఫ్12 నొక్కండి. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో (ఫైర్‌ఫాక్స్‌లో దీని పేరు ఇన్‌స్పెక్టర్) కావలసిన ట్యాగ్ మీద ఒకసారి క్లిక్ చేసి కన్సోల్‌కు వెళ్లి $0 అని కొట్టండి. ఇప్పుడు మీరు ఎంచుకున్న ఎలిమెంట్ అదే. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింటిలోనూ ఇది పనిచేస్తుంది. మ్యాక్ సఫారీలో మాత్రం ముందు సెట్టింగ్స్‌లో డెవలపర్ సౌకర్యాలు ఆన్ చేసుకోవాలి.

ఎలిమెంట్స్ ట్యాబ్‌లో కనిపించేది ఈ క్షణంలో ఉన్న పేజీ. సర్వర్ పంపిన అసలు రాత చూడాలంటే కంట్రోల్+యూ నొక్కండి. రెండూ వేరుగా ఉన్నాయంటే మధ్యలో ఏదో స్క్రిప్ట్ ఆట్రిబ్యూట్‌ను మార్చిందన్నమాట.

3. లింకు: రాసింది కావాలా, పూర్తి చిరునామా కావాలా?

గెట్‌ఆట్రిబ్యూట్‌తో హెచ్‌రెఫ్ అడిగితే "గుంటూరు" అని మీరు రాసింది రాసినట్టు వస్తుంది. అదే హెచ్‌రెఫ్ ప్రాపర్టీ అడిగితే లోకల్‌హోస్ట్:8000 దగ్గర మొదలై పూర్తి చిరునామా వస్తుంది. తెలుగు అక్షరాల స్థానంలో శాతం గుర్తులు వరుసగా ఉంటాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతం 3 బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలు. "గుంటూరు"లో గుణింతాలు, సున్నా విడివిడిగా లెక్కిస్తే 7 సంకేతాలు. అంటే 63 అక్షరాలు. మీకూ అంతే వచ్చిందో లేదో లెక్కపెట్టండి.

అందుకే, ఇప్పుడున్న పేజీ లింకును మెనూలో రంగు మార్చి చూపించే కోడ్ ఇంగ్లీషు ఫైల్ పేర్లతో పనిచేసి, తెలుగు పేర్లు పెట్టగానే ఆగిపోతుంది. ఒకవైపు తెలుగు, ఇంకోవైపు శాతం గుర్తులు పెట్టి పోలిస్తే ఎప్పటికీ కలవవు. రెండు వైపులా ప్రాపర్టీనే తీసుకోండి: లింకు హెచ్‌రెఫ్‌ను, లొకేషన్ హెచ్‌రెఫ్‌తో. తెలుగులో చదవగలిగేలా కావాలంటే డీకోడ్‌యూఆర్‌ఐ వాడండి.

ఇంకో మూడు చిక్కులు. హెచ్‌రెఫ్ ఖాళీగా వదిలితే ప్రాపర్టీ ఈ పేజీ చిరునామానే ఇస్తుంది. హెచ్‌టీటీపీఎస్‌తో సహా సైట్ పేరు మాత్రమే రాస్తే చివర ఒక స్లాష్ (/) తనే చేరుస్తుంది. పేజీలో లింకులన్నిటికీ మూల చిరునామా చెప్పే బేస్ ట్యాగ్ ఉంటే పూర్తి చిరునామా దాని ప్రకారం మారుతుంది.

ఎలిమెంట్లను వెతికి ఇచ్చే క్వెరీసెలెక్టర్‌లో చదరపు బ్రాకెట్లతో వెతికేటప్పుడు బ్రౌజర్ చూసేది ఆట్రిబ్యూట్‌నే. అక్కడ పూర్తి చిరునామా ఇస్తే ఏమీ దొరకదు.

4. చెక్‌బాక్సు, టెక్స్ట్ బాక్సు: తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే

పరీక్ష పేజీలో చెక్‌బాక్సు మీద టిక్ తీసేయండి. టెక్స్ట్ బాక్సులో "గుంటూరు" చెరిపి "విజయవాడ" అని కొట్టండి. ఇప్పుడు అడగండి.

చెక్‌బాక్సుకు గెట్‌ఆట్రిబ్యూట్ చెక్డ్: ఇంకా ఖాళీ స్ట్రింగే వస్తుంది, అంటే ఆట్రిబ్యూట్ అలాగే ఉంది. చెక్డ్ ప్రాపర్టీ: ఫాల్స్. టెక్స్ట్ బాక్సుకు గెట్‌ఆట్రిబ్యూట్ వేల్యూ: గుంటూరు. వేల్యూ ప్రాపర్టీ: విజయవాడ. మూడు బ్రౌజర్లలోనూ ఇదే జవాబు. ఆట్రిబ్యూట్ చెప్పేది పేజీ వచ్చినప్పటి మొదటి విలువ మాత్రమే. ఆ మొదటి విలువే ప్రాపర్టీ రూపంలో డిఫాల్ట్‌చెక్డ్, డిఫాల్ట్‌వేల్యూ అనే పేర్లతో కూడా దొరుకుతుంది. యూజర్ ఏం మార్చాడో తెలియాలంటే వేల్యూను డిఫాల్ట్‌వేల్యూతో పోల్చండి, వేరే వేరియబుల్‌లో దాచుకోనక్కర్లేదు.

సెలెక్టర్లలోనూ అంతే. చదరపు బ్రాకెట్లలో చెక్డ్ రాస్తే మొదట టిక్ ఉన్నవి దొరుకుతాయి. కోలన్ పెట్టి చెక్డ్ రాస్తే ఇప్పుడు టిక్ ఉన్నవి.

సెట్‌ఆట్రిబ్యూట్‌తో వేల్యూ మార్చేవాళ్లకు ఒక హెచ్చరిక. యూజర్ బాక్సును ముట్టుకోకముందు మారిస్తే తెర మీద కూడా మారుతుంది. అతను ఒక్క అక్షరం కొట్టాక మారిస్తే ఆట్రిబ్యూట్ మారుతుంది గానీ తెర మీద మారదు. "ఒకసారి పనిచేస్తోంది, ఒకసారి చేయట్లేదు" అన్న ఫిర్యాదు వెనక ఉన్నది చాలాసార్లు ఇదే. బాక్సులో విలువ పెట్టాలంటే వేల్యూ ప్రాపర్టీకే ఇవ్వండి.

ఇక నిజమైన బ్రౌజర్ తేడా. "విజయవాడ" కొట్టి ఉన్నప్పుడే ఎఫ్5 నొక్కండి. క్రోమ్‌లో బాక్సు మళ్లీ గుంటూరు అవుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో విజయవాడ అలాగే ఉంటుంది, తీసేసిన టిక్ తీసేసినట్టే ఉంటుంది. స్క్రిప్ట్‌తో డిసేబుల్ చేసిన బటన్ కూడా రీలోడ్ తర్వాత డిసేబుల్డ్‌గానే నిలుస్తుంది. సబ్మిట్ నొక్కగానే బటన్‌ను ఆపే ఫారాల్లో ఇది తలనొప్పి అవుతుంది, రీలోడ్ చేసినా బటన్ పనిచేయదు. ఆ ఫారానికి గానీ, ఆ ఎలిమెంట్‌కు గానీ ఆటోకంప్లీట్ ఆఫ్ అని రాస్తే సరిపోతుంది. పరీక్షించేటప్పుడు మాత్రం ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్+షిఫ్ట్+ఆర్ తో పూర్తిగా రీలోడ్ చేయండి.

బ్యాక్ బటన్‌తో తిరిగి వచ్చినప్పుడు క్రోమ్ కూడా పాత విలువలు నింపుతుంది. పేజీ మొదట్లోనే విలువ చదివేసే కోడ్ అప్పుడు తప్పుతుంది. అలాంటి చదువుడు, పేజీ తెర మీదికి వచ్చిన ప్రతిసారీ నడిచే పేజ్‌షో ఈవెంట్‌లో పెట్టండి.

5. "ఉందా, లేదా" అన్న ప్రశ్నకు ఇఫ్ సరిపోదు

డిసేబుల్డ్ బటన్‌కు గెట్‌ఆట్రిబ్యూట్ డిసేబుల్డ్ అడగండి. ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్ అంటే ఫాల్స్ లెక్కే. కాబట్టి ఇఫ్‌లో దాన్నే పెట్టేస్తే బటన్ డిసేబుల్ అయి ఉన్నా "లేదు" అంటుంది. అదే ట్యాగ్‌లో డిసేబుల్డ్="డిసేబుల్డ్" అని రాసి ఉంటే "ఉంది" అంటుంది. ఒకే కోడ్ రెండు పేజీల్లో రెండు జవాబులు ఇస్తోందంటే ముందు ఇది చూడండి.

- ఆట్రిబ్యూట్ రాసి ఉందా అన్నదే కావాలంటే హ్యాజ్‌ఆట్రిబ్యూట్.
- బటన్ ఇప్పుడు ఆగి ఉందా అంటే డిసేబుల్డ్ ప్రాపర్టీ, ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది.
- డిసేబుల్డ్="ఫాల్స్" అని ఎప్పుడూ రాయకండి. బటన్ ఆగిపోతుంది. తీయాలంటే ఆట్రిబ్యూట్‌ను రిమూవ్ చేయాలి, లేదా ప్రాపర్టీకి ఫాల్స్ ఇవ్వాలి.

రాయని ఆట్రిబ్యూట్‌ను గెట్‌ఆట్రిబ్యూట్ అడిగితే నేటి బ్రౌజర్లన్నీ నల్ ఇస్తాయి. డేటా- అని మొదలయ్యే ఆట్రిబ్యూట్లను చదివే డేటాసెట్‌లో లేని పేరు అడిగితే వచ్చేది అన్‌డిఫైన్డ్. మూడు సమాన గుర్తులతో పోల్చేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోవాలి.

6. డేటా ఆట్రిబ్యూట్లు

డేటా-లాట్-నో అని రాస్తే డేటాసెట్‌లో అది లాట్‌నో అవుతుంది: హైఫన్ పోయి 'నో' మొదటి అక్షరం పెద్దదవుతుంది. ట్యాగ్‌లోనే పెద్ద అక్షరం పెట్టి హైఫన్ లేకుండా రాస్తే హెచ్‌టీఎంఎల్ దాన్ని చిన్నది చేసేస్తుంది. అప్పుడు డేటాసెట్‌లో పెద్ద అక్షరంతో అడిగితే అన్‌డిఫైన్డ్. ట్యాగ్‌లో అన్నీ చిన్న అక్షరాలే, పదాల మధ్య హైఫన్ అని నియమం పెట్టుకోండి.

వచ్చేది ఎప్పుడూ స్ట్రింగే. రేటు "150" కు 10 కలిపితే 160 రాదు, 15010 వస్తుంది. నంబర్‌గా మార్చుకోవాలి. కానీ మన పరీక్ష పేజీలో రేటు "15,000" అని కామాతో ఉంది కదా, దాన్ని నంబర్‌తో మారిస్తే నాన్ (ఇది అంకె కాదు అని అర్థం) వస్తుంది. పార్స్‌ఇంట్‌తో మారిస్తే 15 వస్తుంది. రెండోదే ప్రమాదం. ఎర్రర్ రాదు, క్వింటాలు ధర 15 రూపాయలుగా లెక్క నడిచిపోతుంది. ఆట్రిబ్యూట్‌లో 15000 అని కామా లేకుండా పెట్టండి, తెర మీద చూపించేటప్పుడు టూలోకేల్‌స్ట్రింగ్‌కు భారతీయ లొకేల్ ఇస్తే 1,50,000 వంటి మన పద్ధతి కామాలు అదే వేస్తుంది. లాట్ నంబర్ "0042" ను మాత్రం స్ట్రింగ్‌గానే ఉంచండి. నంబర్ చేస్తే 42 మిగులుతుంది.

జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడేవాళ్లకు: డేటా మెథడ్ మొదటిసారి చదివిన విలువను దాచుకుంటుంది. తర్వాత మీరు ఆట్రిబ్యూట్ మార్చినా పాతదే ఇస్తుంది. మారే విలువలకు ఆటర్ మెథడ్ వాడండి. ఇక చెక్డ్, డిసేబుల్డ్ లాంటివాటికి 2011లో వచ్చిన 1.6 వెర్షన్ నుంచి ప్రాప్ మెథడ్ వేరుగా ఉంది. ఆటర్‌తో టిక్ చదవమని చెప్పే పాఠం కనిపిస్తే అది అంతకు ముందుదని అర్థం, పక్కన పెట్టండి.

7. బ్రౌజర్‌కు తెలియని టైపులు

మంత్ ఇన్‌పుట్ దగ్గరకు రండి. గెట్‌ఆట్రిబ్యూట్ టైప్ అన్నిచోట్లా మంత్ అనే అంటుంది. టైప్ ప్రాపర్టీ క్రోమ్‌లో మంత్ అంటుంది. కంప్యూటర్ మీద ఫైర్‌ఫాక్స్, సఫారీ వెర్షన్లు చాలావాటిలో టెక్స్ట్ అని వస్తుంది. అంటే ఆ బ్రౌజర్ నెల ఎంచుకునే పెట్టె చూపించదు, ఖాళీ టెక్స్ట్ బాక్సు చూపిస్తుంది. ఈ తేడాను మీకు పనికొచ్చేలా వాడుకోండి: రెండూ ఒకటి కాకపోతే సొంత డ్రాప్‌డౌన్ చూపించండి. బ్రౌజర్ పేరు చూసి నిర్ణయించకండి, పేరు అలాగే ఉండి రేపు సౌకర్యం రావచ్చు.

మ్యాక్స్‌లెంగ్త్ రాయని బాక్సుకు ఆ ప్రాపర్టీ ఈనాటి ప్రమాణం ప్రకారం -1 ఇస్తుంది. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 2147483647, పాత క్రోమ్ 524288 ఇచ్చేవి. పాత కోడ్‌లో ఈ అంకెలు కనిపిస్తే ఎక్కడివో అని కంగారు పడకండి. పరిమితి ఉందా అని తెలుసుకోవడానికి హ్యాజ్‌ఆట్రిబ్యూట్ చాలు.

8. ఎస్‌వీజీ, ఫారం

ఎస్‌వీజీ మీద క్లాస్‌నేమ్ అడిగితే స్ట్రింగ్ రాదు, ఒక ఆబ్జెక్ట్ వస్తుంది. క్లాసుకు గెట్‌ఆట్రిబ్యూట్ గానీ క్లాస్‌లిస్ట్ గానీ వాడండి. వ్యూబాక్స్‌లో 'బాక్స్' మొదటి అక్షరం పెద్దది. మామూలు హెచ్‌టీఎంఎల్ ట్యాగులకు గెట్‌ఆట్రిబ్యూట్ పేరును చిన్న అక్షరాల్లోకి మార్చుకుంటుంది, ఎస్‌వీజీకి మార్చదు. అన్నీ చిన్నవి పెడితే నల్.

ఫారంలో ఏ ఇన్‌పుట్‌కూ ఐడీ, యాక్షన్, మెథడ్ అని నేమ్ పెట్టకండి. పెడితే ఫారం యాక్షన్ ప్రాపర్టీ అడిగినప్పుడు చిరునామాకు బదులు ఆ ఇన్‌పుట్ ఎలిమెంటే చేతికొస్తుంది. స్టూడెంట్ ఐడీ ఉండే కాలేజీ ప్రాజెక్టుల్లో ఇది బాగా కనిపించే తప్పు. స్టూడెంట్-ఐడీ అని పేరు పెడితే గొడవ ఉండదు. పేరు మార్చే వీలు లేకపోతే గెట్‌ఆట్రిబ్యూట్ సరైన విలువే ఇస్తుంది.

9. ఆఫీసు సిస్టమ్‌లో నల్ వస్తే

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు విండోస్ 10లో మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న మద్దతు ఆపేసింది. కానీ ఎడ్జ్‌లో ఐఈ (ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్) మోడ్ ఉంది, పాత లోపలి సైట్లు నడిపే ఆఫీసులు దాన్ని ఇంకా వాడుతున్నాయి. ఆ మోడ్‌లో ఎడ్జ్ ఎఫ్12 కన్సోల్ పనిచేయదు, విండోస్‌లో ఉండే ఐఈచూజర్‌తో కన్సోల్ తెరిచి డాక్యుమెంట్ తర్వాత డాక్యుమెంట్‌మోడ్ అని అడగండి. అన్‌డిఫైన్డ్ వస్తే మామూలు బ్రౌజరే. 11 వస్తే ఎక్స్‌ప్లోరర్ 11 పద్ధతి. 7 వస్తే మీ తిప్పలన్నిటికీ కారణం అదే. ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌లోని సైట్లను కంపాటిబిలిటీ వ్యూలో, అంటే పాత వెర్షన్ పద్ధతిలో, చూపించడం ఎక్స్‌ప్లోరర్ మామూలు సెట్టింగు.

ఆ మోడ్‌లో గెట్‌ఆట్రిబ్యూట్ నిజానికి ప్రాపర్టీనే చదువుతుంది. క్లాస్ అడిగితే నల్, క్లాస్‌నేమ్ అంటేనే పలుకుతుంది. ఫర్ బదులు హెచ్‌టీఎంఎల్‌ఫర్ అనాలి. స్టైల్ అడిగితే ఆబ్జెక్ట్, ఆన్‌క్లిక్ అడిగితే ఫంక్షన్. లింకు హెచ్‌రెఫ్ పూర్తి చిరునామాగా వస్తుంది. రాసింది రాసినట్టు కావాలంటే రెండో పారామీటర్‌గా 2 ఇవ్వాలి. హ్యాజ్‌ఆట్రిబ్యూట్ అసలు ఉండదు.

వీటన్నిటికీ విడివిడిగా మార్గాలు రాయడం మొదలుపెట్టకండి. హెడ్‌లో, స్క్రిప్టులకంటే, స్టైల్‌షీట్లకంటే పైన, ఎక్స్-యూఏ-కంపాటిబుల్ మెటా ట్యాగ్‌కు 'ఐఈ=ఎడ్జ్' విలువ ఇవ్వండి. పేజీలు మార్చే వీలు లేకపోతే అదే సర్వర్ హెడర్‌గా పంపించండి. డాక్యుమెంట్‌మోడ్ మళ్లీ అడిగితే 11 రావాలి. వచ్చాక పై చిక్కులన్నీ పోతాయి. డేటాసెట్ కూడా 11లో ఉంది, 10లో లేదు.

10. సరిచూసుకోండి

మూడు బ్రౌజర్లలోనూ పరీక్ష పేజీని పూర్తిగా రీలోడ్ చేసి, దేన్నీ ముట్టుకోకుండా ఈ విలువలు వచ్చాయేమో చూడండి.

- లింకు గెట్‌ఆట్రిబ్యూట్ హెచ్‌రెఫ్: గుంటూరు. పొడవు 7.
- చెక్డ్ ఆట్రిబ్యూట్: ఖాళీ స్ట్రింగ్. ప్రాపర్టీ: ట్రూ.
- డేటాసెట్ లాట్‌నో: 0042, కొటేషన్లతో.
- ఎస్‌వీజీ గెట్‌ఆట్రిబ్యూట్ క్లాస్: మీరు రాసిన పేరు.
- మంత్ టైప్ ప్రాపర్టీ: ఇది ఒక్కటే బ్రౌజర్‌ను బట్టి మారవచ్చు.

లింకు పొడవు 7 రాకపోతే ఫైల్‌ను యూటీఎఫ్-8లో సేవ్ చేయలేదన్నమాట. చెక్డ్ ప్రాపర్టీ ఫైర్‌ఫాక్స్‌లో మాత్రమే ఫాల్స్ అంటే పూర్తి రీలోడ్ జరగలేదు. ఇవన్నీ సరిగ్గా వచ్చి మీ ప్రాజెక్టులో మాత్రం తేడా ఉంటే, ప్రాజెక్టులోని ఎలిమెంట్‌ను పరీక్ష పేజీలోకి కాపీ చేసి మళ్లీ అడగండి. ఇక్కడ బాగుందంటే తప్పు ఎలిమెంట్‌లో లేదు, దాన్ని మార్చుతున్న వేరే స్క్రిప్ట్‌లో ఉంది. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో ఆ ట్యాగ్ మీద రైట్ క్లిక్ చేసి 'బ్రేక్ ఆన్' కింద ఆట్రిబ్యూట్ మార్పులను ఎంచుకోండి. మార్చే లైను దగ్గర బ్రౌజరే ఆగి చూపిస్తుంది.